ఆరుగురు పట్టిన కారు

కారు కొనడానికి గోవర్ధనరావు మూడు శుక్రవారాలు తిరిగాడు. గుడివాడలో డిప్లమా చదివిన అతను కువైట్‌లో ఒక ఏసీ కంపెనీలో సూపర్‌వైజరు. వెళ్లి నాలుగేళ్లయింది. భార్య సరళ, పిల్లలు కళ్యాణ్, సాయిదుర్గ వెళ్లి ఏడాదిన్నర. పాపకి ఐదేళ్లు. ఆ ఎండల్లో పిల్లల్ని బస్సుల్లో తిప్పడం ఇక కుదరదనుకున్నారు. అది తొంభయ్యో సంవత్సరం మార్చి నెల.

పాత కార్లు అమ్మే యార్డులో చూడగా చూడగా చివరికి రెండు బళ్లు నచ్చాయి. ఒకటి ఎనిమిది సీట్ల జపాన్ వ్యాను, రెండోది చిన్న తెల్ల కారు. గోవర్ధనరావుకి వ్యాను మీద మనసుంది. సెలవురోజు తెలిసినవాళ్లని ఎక్కించుకుని సముద్రం ఒడ్డుకి వెళ్లొచ్చన్నాడు. ఈ దేశంలో పెట్రోలు నీళ్లకంటే చవక, మైలేజీ ఎవరు చూస్తారన్నాడు.

ఆ రోజు వాళ్లతో వీరలక్ష్మి కూడా ఉంది. దివిసీమలో నాగాయలంక అవతల సొర్లగొంది ఆమెది. వేటకెళ్లే మొగుడు కామెర్లొచ్చి పోతే, కూతుర్ని తల్లి రమణమ్మ దగ్గర వదిలి కువైట్ వచ్చింది. సరళ వాళ్ల వీధిలోనే ఒక ఇంట్లో పని. శుక్రవారం రెండు మూడు గంటలు బయటికి వదిలితే నేరుగా సరళ దగ్గరికే వచ్చేది. వంటింట్లో కింద కూర్చుని, గోంగూర పచ్చడితో అన్నం తిని, వాళ్ల ఊరి సంగతులన్నీ చెప్పేది. యార్డులో వ్యాను వెనక సీటెక్కి పిల్లలిద్దరి మధ్యా కూర్చుని, అవనిగడ్డ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినట్టుందని నవ్వింది.

సరళ మాత్రం చిన్న కారే తీసుకుందామంది. పెడనలో సొంతిల్లు కట్టుకోవాలనే కదా ఇంతదూరం వచ్చింది, ఉన్న నలుగురికీ అంత బండి దేనికంది. చిన్నది లీటరుకి పదిహేను కిలోమీటర్లు ఇస్తుందని యార్డువాడు చెప్పాడు. గోవర్ధనరావు కాసేపు వాదించి ఊరుకున్నాడు. తెల్ల కారు ఇంటికొచ్చింది.

ఆగస్టు రెండున తెల్లవారేసరికి వీధుల్లో ఇరాక్ ట్యాంకులున్నాయి. కంపెనీ మూతపడింది. బ్యాంకులు తెరవలేదు. రొట్టెల కోసం జనం బారులు తీరారు. రెండు వారాలు తలుపులేసుకుని కూర్చున్నాక, జోర్డాన్ సరిహద్దు దాకా వెళ్లగలిగితే అక్కణ్ణుంచి విమానాల్లో పంపిస్తున్నారని తెలిసింది. అదే కంపెనీలో పనిచేసే గుడివాడ మనిషి ధనుంజయరావు ఎలాగో రెండు క్యాన్ల పెట్రోలు సంపాదించాడు. అతనికి కారు లేదు. భార్య జ్యోతిర్మయికి ఎనిమిదో నెల. పెట్రోలు వాళ్లది, కారు వీళ్లది, కలిసి వెళ్లేట్టు అనుకున్నారు.

బయల్దేరే ముందురోజు సాయంత్రం వీరలక్ష్మి మూటతో వచ్చింది. ఆమె యజమానులు ఇల్లు చూస్తూ ఉండమని చెప్పి సౌదీ వెళ్లిపోయారు.

“నేనూ వస్తానక్కా,” అంది.

సరళ లెక్క చూసుకుంది. డిక్కీలో పెట్రోలు, నీళ్లు, బియ్యం. ముందు మగవాళ్లిద్దరు. వెనక తనూ జ్యోతిర్మయీ, ఇద్దరు పిల్లలూ. నిండు గర్భిణి కాళ్లు చాపుకోవాలి.

“జాగా లేదు వీరలక్ష్మీ. మన ఎంబసీవాళ్లు బస్సులు వేస్తున్నారంట. రెండ్రోజుల్లో నువ్వూ వచ్చేస్తావు.”

వీరలక్ష్మి మూటలోంచి ఖర్జూరాల పొట్లం తీసి సాయిదుర్గ చేతిలో పెట్టి మెట్లు దిగింది. పక్కగదిలో గోవర్ధనరావు అన్నీ విన్నాడు. బయటికి రాలేదు.

బస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి వెళ్లారు. దారి పొడవునా పెద్ద బళ్లు పెట్రోలు అయిపోయో, ఇంజన్లు వేడెక్కో ఆగిపోయి కనిపించాయి. వాటి నీడన ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని ఉన్నారు. తెల్ల కారు ఒక్కచోటా ఆగలేదు. సరిహద్దు దగ్గర దాన్ని తాళంచెవితో సహా వదిలేసి, గుడారాల్లో పన్నెండు రోజులు నీళ్లకోసం కొట్టుకుని, విమానమెక్కి బొంబాయిలో దిగారు.

పెడనలో సరళ పుట్టింట్లో చేరారు. మే నెల తుఫానుకి ఆ ఇంటి పెంకులు సగం లేచిపోయి ఉన్నాయి. సరళ నాన్న ఆ వసారాలోనే కలంకారీ బట్టల మీద అచ్చులేస్తూ ఉండేవాడు. జ్యోతిర్మయికి గుడివాడలో మగపిల్లవాడు పుట్టాడని కబురొచ్చింది. గోవర్ధనరావు బందరులో ఫ్రిజ్జులు బాగుచేసే షాపులో కుదిరాడు.

దసరా ముందు రమణమ్మ వచ్చింది. కూతురి ఉత్తరాల్లో సరళ పేరూ పెడన పేరూ ఉన్నాయట. రెండు బస్సులు మారి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. గోవర్ధనరావు ఆమెని అరుగు మీద కూర్చోబెట్టి, బయల్దేరేముందు వీరలక్ష్మి కోసం వెళ్లామనీ, ఆ ఇంటికి తాళం వేసుందనీ చెప్పాడు. గుమ్మం లోపల నిలబడి సరళ విన్నది. దీపావళికి రమణమ్మ ఎండురొయ్యలు పట్టుకుని మళ్లీ వచ్చింది. గోవర్ధనరావు మళ్లీ అదే చెప్పాడు.

మూడోసారి వచ్చేసరికి అతను ఇంట్లో లేడు. ఏమైనా తెలిసిందా అని రమణమ్మ అడిగింది. సరళ మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది.

“ఆయన చెప్పింది నిజం కాదు పిన్నీ. వీరలక్ష్మి మా ఇంటికొచ్చింది. తీసుకెళ్లమని అడిగింది. జాగా లేదని నేనే చెప్పాను.”

రమణమ్మ ఒకే ఒక్క మాట అడిగింది.

“పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే పట్టేది కాదామ్మా?”

“పట్టేది,” అంది సరళ.

రమణమ్మ లేచింది. ఇచ్చిన మంచినీళ్లు ముట్టుకోలేదు. మళ్లీ ఆ ఇంటికి రాలేదు.

సంగతి తెలిసి గోవర్ధనరావు మండిపడ్డాడు. ఆ ముసలామెకి కడుపుకోత పెట్టడం తప్ప ఏం సాధించావన్నాడు. వ్యాను కొనుంటే బాగ్దాద్ దాటేవాళ్లం కాదు, దారిలో నువ్వే చూశావుగా అన్నాడు.

“నేను వ్యాను సంగతి అనడం లేదండీ. మన కారులోనే జాగా ఉంది,” అంది సరళ.

ఆ తర్వాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. జనవరిలో యుద్ధం మొదలైంది. పక్కింటి టీవీలో కువైట్ నల్లటి పొగలో కనిపిస్తే సరళ లేచి వచ్చేసింది. అన్నం సయించేది కాదు. పిల్లలు గొడవ చేస్తే ఒక్కోసారి ఊరికే ఏడ్చేది.

వీరలక్ష్మి బతికే ఉంది. జూన్‌లో ఊరు చేరిందని అవనిగడ్డలో ఉండే చుట్టం ఒకాయన చెప్పాడు. సరళ మర్నాడే ఒక్కతే బయల్దేరి వెళ్లింది. వాకిట్లో వల ఆరేస్తున్న మనిషిని ముందు పోల్చుకోలేకపోయింది. జుట్టు కత్తిరించేసి ఉంది. మనిషి సగమైపోయింది.

వీరలక్ష్మి లోపలికి రమ్మని చాప వేసి, తను మాత్రం కూర్చోకుండా గుంజకి ఆనుకుని నిలబడింది. మెల్లగా కొద్దికొద్దిగా చెప్పింది. మొదటిసారి బస్సు దగ్గరికి వెళ్తే కాగితాలడిగారు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది, తాళం ఆయన దగ్గరుంది. పాస్‌పోర్టుకి బదులు వేరే కాగితం రాయించుకుని వెళ్లేసరికి బస్సులు ఆగిపోయాయి. తర్వాత ఆ ఇంట్లో సైనికులు దిగారు.

“అక్కడితో ఆపుతాను. మిగతాది అడగొద్దు.”

సరళ తన మీద కోపం ఉందా అని మాత్రం అడిగింది.

“ఉంది. చాలా ఉంది,” అంది వీరలక్ష్మి. “అమ్మకి నిజం చెప్పావంట. అందుకే లోపలికి రమ్మన్నాను.”

రమణమ్మ పెరట్లోనే ఉండిపోయింది. బడి నుంచి వచ్చిన పిల్ల తల్లి కొంగు పట్టుకుని, ఈమె ఎవరని అడిగింది. వీరలక్ష్మి పిల్ల సంచి అందుకుని కాళ్లు కడుక్కు రమ్మంది.

మరుసటేడు వీరలక్ష్మి తనంతట తనే పెడన వచ్చింది. మస్కట్‌లో పని కుదిరిందట. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి, చదివి చెప్పమంది. గోవర్ధనరావు ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాడు. అక్కడి ఎంబసీ అడ్రసు విడిగా రాసిచ్చి, పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వొద్దన్నాడు.

“ఇవ్వకపోతే పనిలో పెట్టుకోరండీ,” అంది వీరలక్ష్మి.

అతను కాగితాలు తిరిగి ఇచ్చేశాడు. ఆమె కాగితాలన్నీ మడిచి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంది. సరళ భోజనం చేసి వెళ్లమంది, ఆకలి లేదంది. సరళ చెప్పులేసుకుని బస్టాపు దాకా వెళ్లింది. బందరు బస్సు ఆలస్యంగా వచ్చింది. అంతసేపూ ఇద్దరూ ఎండలో పక్కపక్కనే నిలబడ్డారు.