దిగిరాని స్వరం

మంగళవారం మధ్యాహ్నం మూడుంపావుకి హార్లన్ టాకెట్ ఓపల్ బార్లో కూర్చుని గిటారుకి తీగలు మారుస్తున్నాడు. ఎప్పటిలాగే మొదటి తీగ స్థానంలో సన్నటి బాంజో తీగ బిగించాడు. లావు తీగలు వేలికి లొంగని రోజుల్లో అతను కనిపెట్టుకున్న ఉపాయం అది. దాన్ని చూసి ఒక తరం గిటారు పట్టే పద్ధతే మార్చుకుంది.

కుర్రతనంలో, ఒక శనివారం రాత్రి, ఇదే బార్లో పాట మధ్యలో ఆ తీగ మీద ఒక స్వరాన్ని మరీ పైకి లాగాడు. అది కిందికి దిగలేదు. బిలియర్డ్స్ బల్లకి పైన, కప్పుకి జానెడు కింద, ఇప్పటికీ మోగుతూనే ఉంది. బారు నడిపే ఓపల్ అక్కడ ఫ్యాను పెట్టించలేదు. చర్చి పియానో శ్రుతి చేసే మనిషి ముందు ఇక్కడికొచ్చి చెవి ఒగ్గి వెళ్తాడు. దూరదేశాల వాళ్లు వచ్చి టోపీలు తీసి, తలెత్తి వింటారు. హార్లన్ పక్క బల్ల దగ్గరే ఉన్నా చాలామంది గుర్తుపట్టరు. భార్య పోయింది, తోటి వాద్యగాళ్లు పోయారు. సాయంత్రాలు అతనికి ఆ స్వరమే తోడు.

నది అవతల, కెంటకీలో, అక్క నెల్డా ఉంది. ఆ రోజుల్లో హార్లన్ బృందంలో పాడింది ఆమే. గిటారు వంతు నడుస్తుండగా పాడేవాళ్లు మైకు దగ్గరికి రాకపోవడం వాళ్లలో మర్యాద. ఆ రాత్రి ఆఖరి చరణం కోసం పక్కకి తప్పుకుని నిలబడింది. తమ్ముడి వంతు ముగియలేదు. చూసి చూసి కోటు తొడుక్కుని వెళ్లిపోయింది. తర్వాత చర్చిలో అడిగినా, పెళ్లిళ్లలో అడిగినా పాడలేదు. ఒక పాట మధ్యలో ఉన్నవాళ్లు ఇంకోటి ఎత్తుకోరనేది. ఎత్తినవాడే దించాలి. హార్లన్ మాత్రం రేపు చూద్దాం, రేపు చూద్దాం అంటూ వచ్చాడు. అక్కాతమ్ముళ్ల మధ్య మాటలు పోయాయి.

ఓపల్ గ్లాసులు తుడుస్తూ, గురువారం నెల్డా గొంతుకి ఆపరేషన్ అని చెప్పింది. పుండు ముదిరిందట. స్వరపేటిక తీసేస్తారట.

"నీ మేనల్లుడు డ్వేన్ చెప్పాడు. నీతో అనొద్దని వాళ్లమ్మ ఒట్టేయించుకుందట."

"మరి నువ్వెందుకు అంటున్నావు?"

"నాతో వేయించుకోలేదుగా."

హార్లన్ కప్పుకేసి చూశాడు. అది దిగితే ఇక్కడికి ఎవరూ రారనీ, తన పేరు దాంతోనే పోతుందనీ గొణిగాడు.

"వచ్చేవాళ్లు ఒక్క బీరు పట్టుకుని పొద్దంతా పైకి చూస్తూ కూర్చుంటారు," అంది ఓపల్. "నాకేం ఒరిగింది ముసలోడా?"

అతను యాంప్లిఫయర్ ఆన్ చేశాడు. కీళ్లు వాచిన వేళ్ల కింద తీగ రెండుసార్లు జారింది. మూడోసారి పైకి పాకి ఆ స్వరాన్ని అందుకుంది. రెండూ కాసేపు ఒరుసుకుని వణికాయి, తర్వాత ఒకటయ్యాయి. అతను నెమ్మదిగా వేలు సడలించాడు. స్వరం తీగలోకి, తీగలోంచి చెక్కలోకి దిగి ఆగింది. బార్లో మొదటిసారి ఫ్రిజ్ చప్పుడు వినబడింది.

ఆ సాయంత్రం ఇంటిదగ్గర అతనికి ఏమీ తోచలేదు. అక్కకి ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తి, మళ్లీ పెట్టేశాడు.

ఆదివారం డ్వేనే ఫోన్ చేశాడు. ఆపరేషన్ బాగానే అయిందనీ, ఇక ఏం కావాలన్నా పలక మీద రాయడమేననీ చెప్పాడు.

"మంగళవారం నాలుగింటికి అమ్మ బంగాళదుంపలు చెక్కు తీస్తూ ఉన్నట్టుండి చాకు కింద పెట్టింది. 'వీడికి ఇప్పటికైందన్నమాట' అంది. అని, నించునే ఒక చరణం పాడింది. అమ్మ గొంతు అలా ఉంటుందని నాకు ఇన్నేళ్లూ తెలీదు మామయ్యా."