వెయ్యి నిండేదాకా

ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చేతకాదు. అరికాళ్ళలో చక్రాలున్నాయని మా అమ్మ తిట్టేది. అలాంటిదాన్ని తీసుకెళ్ళి రక్తపరీక్షల ల్యాబులో, కౌంటరు వెనక, ఏడేళ్ళు కూర్చోబెట్టారు. పొద్దున ఆరింటి నుంచి ఒంటిగంట దాకా వచ్చినవాళ్ళకి రక్తం తియ్యాలి, సీసాల మీద చీటీలు అంటించాలి. మధ్యలో గోడ గడియారం కేసి చూడాలి. మళ్ళీ చీటీలు.

ఒక శనివారం ల్యాబు మేడమ్ లోపలికి పిలిచింది.

"ఇళ్ళకెళ్ళి రక్తం తీసుకొచ్చే అతను మానేశాడు. నీ చెయ్యి నెమ్మది, సూది గుచ్చినట్టే తెలీదంటారు. లైసెన్సు ఉందా?"

"ఉంది మేడమ్." పెళ్ళికి ముందే మా చిన్నాన్న తన పాత బండి మీద నేర్పించి మరీ ఇప్పించాడు.

"బండి?"

"ఉంది," అనేశాను, నోరు ఊరుకోక.

"అయితే ఈ సోమవారం కాదు, పై సోమవారం బండేసుకుని రా. కుదరకపోతే ముందే చెప్పు, వేరేవాళ్ళని చూసుకుంటాను."

బండి ఉన్నమాట నిజమే. కానీ అది మా ఆయనది.

మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఐదు నెలల కిందట ముచ్చటపడి ఆ బండి కొన్నాడు. ఒంటి సిలిండరు, మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. సందుల్లో తిరుగుతుందట, కొండలెక్కుతుందట, మట్టిరోడ్డుకి వెరవదట. షోరూము వాడు ఊదరగొట్టాడు. రాగిరంగు టాంకు, దాని మీద చేత్తో గీసిన రెండు సన్నటి బంగారు గీతలు, కుట్లు పైకి కనిపించే తోలు సీటు, మొహం చూసుకునేంత మెరుపున్న పెట్రోలు మూత. ఇన్ని పనులొచ్చిన బండిని మా ఆయన ఏం చేశాడయ్యా అంటే, షెడ్డులో పెట్టి దుప్పటి కప్పాడు. ఆ దుప్పటి మా మంచమ్మీద దానికంటే బాగుంటుంది. దుమ్ము పడుతుందని దుకాణానికి బస్సులోనే వెళ్ళేవాడు. ఆదివారం ఆదివారం దాన్ని బయటికి తీసి, వీధి చివరిదాకా నాలుగైదు చుట్లు తిరిగొచ్చి, రెండు గంటలు తుడిచేవాడు.

ఐదు నెలలకి మీటరు మీద నూట నలభై కిలోమీటర్లు.

మర్నాడు బండి తుడుస్తుంటే విషయం చెప్పి అడిగాను.

"వెయ్యి నిండేదాకా చెయ్యి మారకూడదు," అన్నాడు తలెత్తకుండా. "కొత్త ఇంజను, ఒక మనిషి చేతికే అలవాటు పడాలి. వేగం యాభై దాటకూడదు. వెయ్యి నిండాక నీ ఇష్టం."

"ఈ లెక్కన వెయ్యి నిండేసరికి నాకు పళ్ళూడిపోతాయండీ."

"తొందరపడితే పిస్టను అరిగిపోతుంది."

"నేను అరిగిపోతున్నాను, అది కనపడటం లేదా?"

పకపకా నవ్వాడు. నేను నవ్వించడానికి అనలేదు. ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను. వెయ్యి నిండాలి, అంతే కదా. నేనే నింపుతాను.

సోమవారం ఒంటిగంటకి ఇంటికి రాగానే, పాత గడియారాల బెల్టులుండే డబ్బాలోంచి రెండో తాళంచెవి తీశాను. మా ఆయన వచ్చేది ఏడింటికి. రోజుకి నూట నలభై నాలుగు కిలోమీటర్లు, ఆరు రోజులు. యాభై దాటలేదు. గంటకోసారి ఆగి ఇంజను చల్లారనిచ్చాను. ఆయన చెప్పిన నియమాలన్నీ పాటించాను, చెయ్యి మారకూడదన్నది ఒక్కటి తప్ప.

మొదటిరోజు భయంభయంగా నడిపాను. రెండోరోజు కూరగాయల మార్కెట్టులో జనం మధ్య నుంచి, మూడోరోజు వానలో. షోరూము వాడు అబద్ధం చెప్పలేదు. గతుకుల్లో కుదిపి పారెయ్యదు, ఎత్తు ఎక్కేటప్పుడు రొప్పదు, ఆ ఒక్క సిలిండరే డుగుడుగుమంటూ ఓపిగ్గా లాక్కుపోతుంది. నాలుగోరోజు కంకరరోడ్డు మీద రాయి ఎగిరి టాంకుకి తగిలిన చప్పుడైంది. దిగి, ఒంగి, బంగారు గీతల్ని వేలితో తడిమి చూసుకున్నాను. ఏమీ కాలేదు. రోజూ ఆరింటికల్లా వచ్చి, మడ్గార్డుల కింద మట్టిని ఆయన గడియారాలు తుడిచే బ్రష్షుతోనే తీసేదాన్ని. ఆయన ఏడింటికి వచ్చి, దుప్పటి ఎత్తి చూసి, మళ్ళీ కప్పేవాడు. అంతసేపూ నేను వంటింట్లో ఏదో ఒక గిన్నె తోముతూ ఉండేదాన్ని. తోమిన గిన్నెనే.

శనివారం సాయంత్రానికి వెయ్యీ నాలుగు.

ఆదివారం మా ఆయన దుప్పటి తీశాడు. తాళంచెవి తిప్పగానే మీటరు వెలిగింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. గొడవకి కావలసిన మాటలన్నీ వారం నుంచీ కూడబెట్టుకున్నాను.

ఆయన మీటరు చూశాడు. నా వైపు చూడలేదు. మెల్లిగా వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు.

"అప్పుడే వెయ్యి అయిపోయిందా?"

"నేనే నడిపాను. తిట్టండి."

"తిట్టడానికేముంది. ఇంక నాకు సాకు లేదు, అంతే."

"ఏం సాకు?"

అరచేతులు మోకాళ్ళకి తుడుచుకున్నాడు. "కొన్న మర్నాడు, నాలుగు రోడ్ల కూడలిలో, పక్క నుంచి లారీ పోయింది. తగల్లేదు. తగల్లేదు గానీ కాళ్ళు చచ్చుబడిపోయాయి. ఇంటిదాకా నెట్టుకుంటూ వచ్చాను. పెట్రోలు అయిపోయిందని నీతో చెప్పాను."

"మరి చెయ్యి మారకూడదన్నది?"

"నేనే కల్పించాను. నువ్వు నడిపితే, మీరెందుకు నడపరని అడుగుతావు కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయన భయాన్ని దాచుకోవడానికి నాకొచ్చిన కొత్త పని పోగొట్టబోయాడన్నమాట. జాలీ వేసింది. ఐదు నెలలుగా మెరిపించీ మెరిపించీ ఆ బండి పక్కన ఒక్కడే భయపడుతూ కూర్చున్నాడు. కానీ నోట్లోంచి ముందు కోపమే వచ్చింది.

"రేపు బండి నాకు కావాలి. ఎల్లుండీ కావాలి, రోజూ కావాలి. దుమ్ము పడుతుంది, గీతలు పడతాయి, అప్పుడు నన్నేమీ అనకూడదు."

"పడనీ," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు తెలుసు.

"అయితే లేవండి. వెనక కూర్చోండి."

"ఇప్పుడా?"

"కాదు, వచ్చే ఏడాది."

ఎక్కాడు. రెండు చేతులూ నా భుజాల మీద వేశాడు. ఇసుక బస్తాలంత బరువు. వీధి చివర దాటాక అద్దంలో చూస్తే కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"ఎక్కడున్నాం?" అన్నాడు.

"కూడలి వస్తోంది."

వేళ్ళు నా భుజాల్లో దిగబడ్డాయి. "లారీ ఉందా?"

లేదంటే సరిపోయేది. ఒకళ్ళకొకళ్ళం చెప్పుకున్న అబద్ధాలు చాలనిపించింది.

"రెండున్నాయి. ఒకటి మన పక్కకే వస్తోంది," అన్నాను. "ఆపమంటారా?"

లారీ పక్కకి వచ్చింది, దాని వేడిగాలి మా మోకాళ్ళకి తగిలింది, హారను చెవులు అదరగొట్టింది. ఆయన వణుకు నా వీపంతా తెలుస్తోంది.

"ఆపకు," అన్నాడు.