బల్ల చివర బిగుతు

మా ఆయన జోగారావుగారికి నొప్పి అనే మాట నోట రాదు. అన్నం ఎడం చేత్తో, చెంచాతో తినడం మొదలుపెడితే, ఇదేం కొత్త అలవాటండీ అన్నాను. స్టైలు అన్నారు. ఆ స్టైలు వెనక ఉన్నది పైకి లేవని కుడి చెయ్యి అని నాకు తెలిసేసరికి భుజం పూర్తిగా పట్టేసింది. నారాయణగూడలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇక మెషీన్ హ్యాండిల్ ముట్టుకోవద్దని ఖరాఖండిగా చెప్పేశాడు.

మా వర్క్‌షాపు చిక్కడపల్లి సందులో, ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో ఉన్నది ఒకటే మిల్లింగ్ మెషీన్. దాని బల్ల మీద ఇనప ముక్క బిగించి, హ్యాండిల్ తిప్పి బల్లని అటూ ఇటూ నడుపుతుంటే పైన తిరిగే కట్టర్ ముక్కని చెక్కుతుంది. పెళ్ళయి నేను ఈ ఇంటికొచ్చేటప్పటికే అది ఇక్కడుంది. పక్క షెడ్డు ఎప్పుడో మెస్ అయిపోయింది, ఎదురుది స్టడీ హాలయింది. అశోక్‌నగర్ హాస్టళ్ళు నిండిపోయి మా షెడ్డు కూడా కిరాయికిస్తారా అని అడిగిపోతున్నారు.

ఈ మెషీన్‌కి కంప్యూటరూ మోటార్లూ పెట్టిస్తే చేత్తో తిప్పే పనుండదని ఆయన ఆశ. చూడటానికొచ్చిన మొదటి మనిషి, అరిగిపోయింది, తుక్కుకిచ్చేయండి అని చెప్పి టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ పూట ఈయన భోజనం ముట్టలేదు. రెండో మనిషి కవాడిగూడ నుంచి వచ్చిన కీర్తన. పాత మెషీన్లని మార్చడమే ఆ అమ్మాయి పని. ఈమె కూడా తుక్కంటే షెడ్డు తలుపు మూసుకోవడం తప్ప గతిలేదు.

"స్టెప్పర్ మోటార్లు జర సస్తాగ వస్తయి అంకుల్. కానీ బరువెక్కువైతే చెప్పకుండ లెక్క తప్పుతయి. బల్ల ఆగిపోయినా కంప్యూటరేమో నడుస్తుందనే అనుకుంటది. సర్వో మోటార్ గట్ల కాదు. ఎంత తిరిగిందో ఎప్పటికప్పుడు చెప్తది. మోయలేకుంటే అలారం కొట్టి ఆగిపోతది," అంది కీర్తన.

నేను ఆయన వైపు చూశాను. మా ఇంట్లో ఉన్నది మొదటి రకం.

"అయితే సర్వోలే పెట్టమ్మా. ఉన్నవాటిలోకల్లా పెద్దవి పెట్టేయ్," అన్నారాయన.

"ఊకెనే పెద్దవెందుకు? లోపల ఏడన్న పట్టేసినా తెల్వదు, గట్లనే గుంజుకుంటపోయి మెషీన్‌ని ఖరాబ్ చేస్తయి. ఎంత బలం కావాల్నో చూసి తెచ్చుకుందాం."

ఆ అమ్మాయి సంచిలోంచి స్ప్రింగు త్రాసు తీసింది. సుల్తాన్ బజార్‌లో దొరికే మామూలు త్రాసే. హ్యాండిల్ చక్రానికి తాడు చుట్టి, కొసన కొక్కెం తగిలించి లాగితే, చక్రం కదిలినప్పుడు ముల్లు ఎక్కడుందో అదే మోటారుకు కావలసిన లెక్కట. ఈయన గబగబా బల్లని సరిగ్గా మధ్యలో నిలబెట్టారు. కీర్తన లాగింది. ముల్లు రెండు కిలోల దగ్గర ఉండగానే చక్రం తిరిగింది.

"చూశావా, వెన్నపూసలా ఉంది," అన్నారాయన.

నాకు ఒళ్ళు మండింది. షెడ్డు గోడకి ఇవతల నా వంటిల్లు. బల్ల చివరికి వెళ్ళేసరికి చక్రం చప్పుడు మందగించడమూ, ఈయన పళ్ళ బిగువున మూలగడమూ పోపు పెట్టుకుంటూ రోజూ విన్నదాన్నే.

"బల్లని చివరికి జరపండి," అన్నాను.

"నీకు తెలీదు, నువ్వూరుకో."

"తెలీకపోవడమేమిటి? జరపండి!"

ఆయన కదల్లేదు. కీర్తనే రెండు చేతులా చక్రం తిప్పి బల్లని చివరిదాకా తీసుకెళ్ళింది, ఆయాసపడుతూ. మళ్ళీ తాడు చుట్టి లాగింది. ముల్లు రెండు దాటింది, ఐదు దాటింది. తొమ్మిది దగ్గర చక్రం ఒక్క కుదుపుతో కదిలింది.

"అమ్మో! ఏంది అంకుల్ ఇది?"

ఈయన తలొంచుకుని చెప్పారు. పనంతా బల్ల మధ్యలోనే కాబట్టి అక్కడే అరిగిందిట. వదులైతే ముక్క మీద గీతలు పడతాయి, పని ఇచ్చిన పార్టీ వాపసు చేస్తాడు. అందుకని ఆ వదులు పోయేలా బల్ల పక్కనున్న ఇనప పట్టీ బిగించుకుంటూ వచ్చారుట. మధ్యలో సరిపోయింది, అరగని చివర్లు పట్టేశాయి. "చివర్లో కాస్త ఓర్చుకుంటే పనైపోయేదమ్మా," అన్నారు.

నేను తాడందుకుని లాగాను. బియ్యం బస్తా జరిపే చేతులే నావి. అయినా చక్రం కదిలేసరికి భుజం దాకా నరాలు లాగేశాయి. ఆ బరువంతా ఈ మనిషి ఒక్క రెక్కతో తిప్పి, సాయంత్రం ఇంట్లోకొచ్చి కూరలో ఉప్పు తక్కువైందని మాత్రం చెప్పేవారు. తిట్టాలనిపించింది. తిట్టబోతే ఏడుపొచ్చింది.

"ఇప్పుడు నువ్వు కూడా తుక్కే అంటావా అమ్మా?" అన్నారాయన చిన్న గొంతుతో. ఆయన బల్లని మధ్యలో మాత్రమే చూపించింది ఈ భయంతోనని అప్పుడర్థమైంది నాకు.

"తుక్కెందుకైతది అంకుల్? గట్టిగున్న కాడ గీకిపించి సమం చేపిద్దాం, మళ్ల గుంజి చూద్దాం. కానీ అప్పుడు గూడ కష్టమున్న కాడిదే లెక్క. నడుమ చూసి మోటార్ తెస్తే అది చివర్ల ఆగిపోతది. మోటార్ మనిషి లెక్క ఓర్చుకోదు గద." ఫోను తీసి అడిగింది. "ఇయ్యాల్టి లెక్క ఏది రాసుకోమంటరు, నడుమదా, చివరిదా?"

ఆయన నా వైపు చూశారు.

"చివరిదే రాయమ్మా."

ఆ అమ్మాయి రాసుకుని, త్రాసు సంచిలో పెట్టుకుని వెళ్ళింది. నేను స్టూలు జరిపి ఆయన్ని కూర్చోబెట్టాను. కుడి భుజం మీద చెయ్యి వేస్తే ఎప్పటిలా దులిపేయలేదు.

"ఎలా ఉంది?" అన్నాను.

"నొప్పిగా ఉంది అన్నపూర్ణా," అన్నారు. "చాలా నొప్పిగా ఉంది."