రసం నీకు, నీరసం మాకా?

చెరకు పిప్పి మోపుతో పొయ్యి దగ్గరికి వస్తున్న దీవెనమ్మ తూలింది. మోపు ముందు పడింది, మనిషి దాని మీద పడింది. ఎనిమిదో నెల కడుపు. కాస్త అటు పడి ఉంటే పెనంలో సలసల కాగుతున్న బెల్లం పాకంలోనే పడేది.

"దానికో టీ పొయ్యండి, లేత్తాది," అన్నాడు గానుగ యజమాని సన్యాసిరావు, కుర్చీలోంచి కదలకుండా.

పేరుకే సన్యాసి. నలుగురి నోటికాడి కూడు లాక్కుని నిండుగా సంసారం చేసే మనిషి. అన్నానికి పని ఆపనివ్వడు. ఆకలన్న వాళ్ళకల్లా టీ పోయిస్తాడు. మునగపాక చుట్టుపక్కల ఆ గానుగ టీకి పేరు కూడా ఉంది.

కాసులమ్మ గ్లాసు అందుకుంది. ఆడకూలీల జట్టుకి ఆవిడే పెద్దదిక్కు. దీవెనమ్మ తల ఒళ్ళో పెట్టుకుని గ్లాసు నోటి దాకా తెచ్చింది.

"టీ వద్దత్తా!" కబురంది పక్కనున్న ఆరోగ్య కేంద్రం నించి పరుగున వచ్చిన నర్సు షైనీ ఆ చెయ్యి పట్టుకుంది. వేలు పొడిచి రక్తం పరీక్ష చేసింది. కంటి కింది రెప్ప లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టుంది.

"రక్తం పదకొండుండాలి. ఆరున్నరుంది. ఇప్పుడే అనకాపల్లి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఐరన్ ఎక్కిస్తారో, రక్తమే ఎక్కిస్తారో డాక్టరుగారు చూస్తారు. ఇలాగే కాన్పొస్తే తల్లికే ప్రమాదం. నేనిచ్చిన మాత్రలేం చేసిందత్తా?"

"నానే మానిపించేను," అంది కాసులమ్మ. "దొడ్డికెల్తే నల్లగవతంది, బిడ్డకి సెరుపని. అయినా ఐరన్ బెల్లంలో నేదేటి? దిమ్మలు సేసేవోళ్ళకి మాత్రలేటని, బెల్లం టీయే పట్టించేను."

"మాత్రలకి నల్లగా అవడం మామూలే, బిడ్డకేం కాదు. బెల్లం మాత్రకి బదులు కాదు. పైగా మాత్ర వేసుకునే వేళ టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు. నిమ్మరసంతో మింగాలి. మునగపాకలో ఉండి మునగాకైనా వండుకోరేటి?"

"తినడానికే పొద్దు నేదు, వండడానికెక్కడిదమ్మా?" వెనకనించి ఎవరో అన్నారు.

కాసులమ్మ చేతిలోని గ్లాసు వంక చూసింది. తప్పు తనదీ ఉంది. కానీ అన్నానికి బదులు ఆ గ్లాసు పోస్తున్న చెయ్యి తనది కాదు. టీ నేల మీద ఒలకబోసి లేచింది.

"బాబూ, ట్రాక్టరియ్యి. పిల్లని ఆసుపత్రికి తీసుకెల్తాం."

"ట్రాక్టరు సెరుక్కి. పాకం దిగేదాకా ఎవులూ కదలకూడదు. కదిలినోళ్ళు రేపు రానక్కర్లేదు."

"పాకం ముదిరిపోద్దని నీ బెంగ. పిల్ల నీరసం ముదిరిపోతే? రసం నీకు, నీరసం మాకా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు జట్టంతా పాకింది. అదే మాట రెండోసారి పది గొంతుల్లోంచి వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"రసం నీకు! నీరసం మాకా!"

"సెరుకునైతే మరలో ఓపాలే పీల్సి పిప్పి సేత్తావు," అంది కాసులమ్మ. "మమ్మల్ని రోజూ సేత్తన్నావు!"

సంగతి పాకాన పడుతోందని సన్యాసిరావుకి అర్థమైంది. ఫోన్ తీసి పోలీసులకి కబురు చెప్పాడు. "నానాజీ! ఆపకు, కలుపు!" అని అరిచాడు.

పెనం దగ్గర తెడ్డు పట్టుకున్న నానాజీ ఆగిపోయాడు. కలపకపోతే పాకం మాడుతుంది. కలిపితే ఆడవాళ్ళ ముఖాలు చూడలేడు. జట్టంతా అతని చేతుల వైపే చూస్తోంది. తెడ్డు వదిలేశాడు. పొడుగు కర్రతో పొయ్యిలో మంట బయటికి లాగేశాడు.

"పాకం రేపైనా కాసుకోవచ్చు బాబూ. మనిసిని ఇప్పుడే కాసుకోవాల."

మరుక్షణం ట్రాక్టరు అతనే స్టార్టు చేశాడు. దీవెనమ్మని వెనక తొట్టిలో పడుకోబెట్టి, షైనీ పక్కన కూర్చుంది. రోడ్డెక్కబోతుంటే పోలీసు జీపు అడ్డంగా వచ్చి ఆగింది.

"ఒక్కదానికి బాగోకపోతే ఇంతమందేంటి?" ఎస్సై దిగాడు. "పని ఆపించిందెవరు?"

కాసులమ్మ ముందుకొచ్చి తన కంటి కింది రెప్ప లాగి చూపించింది. తెలుపు. పక్కనున్నామె లాగింది. తెలుపు. ఆ పక్కామె కూడా.

"ఒక్కర్తి కాదు బాబూ. మా ఒంట్లో ఎరుపంతా ఏ బెల్లం దిమ్మల్లోకి పోయిందో ఈయన్నడుగు. అరెస్టు సేత్తే సెయ్యి. ముందు దానికి రక్తమెక్కించు, తరవాత మమ్మల్ని జీపెక్కించు."

ఎస్సై ట్రాక్టరులోకి తొంగి చూశాడు. దీవెనమ్మ పెదాలు బూడిద రంగులో ఉన్నాయి. డ్రైవరుకి సైగ చేశాడు. జీపు పక్కకి తప్పుకుంది. ట్రాక్టరు ముందు పోయింది. కాసులమ్మని మాత్రం జీపెక్కించి ఆ వెనకే పోనిచ్చాడు. జట్టు నడిచి వస్తోంది, అరుస్తూ.

ఆ కేకలకి దారిలోని రెండో గానుగ దగ్గర జనం రోడ్డు మీదికొచ్చారు. ఆరో నెల కడుపుతో ఉన్న ఒకామె చెయ్యెత్తి ట్రాక్టరు ఆపింది. షైనీ ఆమె కంటి కింది రెప్ప లాగి చూసి చెయ్యందించింది. ఎక్కింది. ఆమె వెనక మరో ఇద్దరు ఎక్కుతున్నారు.

ఎస్సై హారన్ కొట్టించాడు. ఎవరూ తొందరపడలేదు.