వీరవేణి మింగిన మట్టి

నేను కంటికి కనబడనంత చిన్న మట్టి గొట్టాన్ని. పొయ్యి ఊదే గొట్టాన్ని ఊహించుకోకండి. నాలాంటివాళ్ళం కోట్లమంది కలిస్తే గాని ఒక చిటికెడు కాము. పుట్టు పిరికిదాన్ని, ముందే చెబుతున్నాను. తెల్లమట్టి గనిలో, చీకట్లో, ఎవరి జోలికీ పోకుండా పడి ఉన్నదాన్ని పారతో పైకి లేపారు. ఆ వెలుతురు చూసి పుట్టిన దడ ఇంకా తగ్గలేదు.

కడిగారు, వడగట్టారు, ఆరబెట్టారు. తర్వాత మందు కలిపిన నీళ్ళలో ముంచి, నా బోలు కడుపులోని గాలి లాగేశారు. ఆ ఖాళీలోకి మందు దూరింది. రెండు కొసలకూ జిగురు పూసి మూసేశారు. పెద్దపేగు దాకా వెళ్ళి, అక్కడి పుండు మీద మందును మెల్లమెల్లగా వదలాలట. మట్టి తిన్న పిల్లల వీపు మీద ఒకటిచ్చే మనుషులే, పెద్దయ్యాక అదే మట్టిని చీటీ రాసి మరీ మింగిస్తారు.

నా భయమల్లా నా గుణం గురించే. మట్టికి అంటించుకోవడం అలవాటు. రంగు తగిలితే రంగు, మందు తగిలితే మందు, ఒంటికి పట్టేసుకుంటుంది. ఆ సంగతి తెలిసే, పేగులో పుండుతో ఆసుపత్రికి వచ్చిన వీరవేణిని పోయిన వారం డాక్టరమ్మ అడిగింది.

"వేరే మందులేమైనా వాడుతున్నారా? దీంతోపాటు వేసుకుంటే అవి పనిచెయ్యవు."

"ఏమీ లేవండి," అంది వీరవేణి. పక్కనే ఆమె భర్త నూకరాజు నిలబడి ఉన్నాడు. ఇద్దరూ జగ్గంపేట బస్టాండు దగ్గర బజ్జీల బండి నడుపుతారు.

ఈరోజు పొద్దున్న, మావాళ్ళతో కలిపి మాత్రగా చేసిన నన్ను మింగింది. భర్త అటు తిరగగానే ఇంగువ డబ్బాలోంచి ఇంకో మాత్ర తీసి గుటుక్కున వేసుకుంది.

పొట్టలో ఇద్దరం ఎదురుపడ్డాం. ఇంగువ వాసన గుప్పుమంటోంది. ఎవరు నువ్వని అడిగాను.

"మూర్ఛ మందుని. పెళ్ళికి ముందునుంచీ వస్తున్నాను. జబ్బుందంటే పిల్లనెవరు చేసుకుంటారని పుట్టింటివాళ్ళు దాచారు. ఆనాటినుంచీ ఈవిడా దాస్తోంది."

లేని గుండె జారిపోయింది నాకు. పక్కకు తప్పుకుందామనుకునేలోపే అది నా ఒంటికి అంటుకుపోయింది. వదులు, నేను మెదడు దాకా పోవాలి అని మొత్తుకుంది. వదలాలనే ఉంది, చేతకాదే! నాకు ముందు వారమంతా ఆమె కడుపులోకి వెళ్ళిన మావాళ్ళూ ఇదే పని చేశారు. ఆమె ఒంట్లో ఆ మందు అడుగంటిపోయింది.

సాయంత్రం మూకుడులో నూనె సలసల కాగుతోంది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఎగిరిపడింది. చేతిలోని గరిటె నూనెలో పడింది. లోపల నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నూకరాజు ఒక్క అంగలో వచ్చి, ఆమెను వెనక్కి లాగి, పొయ్యి ఆపేశాడు.

"నాకు మూర్ఛ ఉందండీ," అంది ఏడుస్తూ. "మాత్ర ఏసుకుంటానే ఉన్నాను. అయినా ఎందుకో..."

"తెల్సు. పెళ్ళైన కొత్తలోనే చూశాను, నిద్దట్లో కొట్టుకున్నావు. నువ్వు చెప్పలేదు గదాని నేనడగలేదు."

"మరి డాక్టరమ్మతో అయినా చెప్పొచ్చు గదండీ!"

"అంతమందిలో నిన్ను అబద్ధాలకోరుని చెయ్యమంటావా?"

విన్నారా! ఒకరి పరువు ఒకరు కాపాడుకుంటూ, ఇద్దరూ కలిసి ఆమెను కాగే నూనె దాకా తెచ్చారు. మనుషుల కోపం కంటే ఈ మర్యాదంటేనే నాకు ఎక్కువ భయం.

బజ్జీల కోసం నిలబడ్డవాళ్ళను పంపేసి నూకరాజు ఆటో పిలిచాడు. ఇప్పుడు ఆసుపత్రికి పోతున్నాం. నేనింకా ఆమె మందును పట్టుకునే ఉన్నాను. ఈ ఆటో ఇంకొంచెం వేగంగా పోతే బాగుండును. గొయ్యి వచ్చినప్పుడల్లా అతను ఆమె భుజం గట్టిగా పట్టుకుంటున్నాడు.

"ఇప్పుడెలా ఉందే?" అని అడిగాడు.

కొంగు కింద ఆమె వేళ్ళు మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఆ అదురు నా దాకా వస్తోంది.

"బాగానే ఉందండి," అంది వీరవేణి.