గేటు గడియారం

వెండెల్ స్టూలెక్కి, గోడ గడియారం తలుపు తెరిచి, ఊగుతున్న లోలకాన్ని రెండు వేళ్ళతో పట్టి ఆపాడు. పది దాటి పన్నెండు నిమిషాలు. వెంటనే జేబులోంచి వ్యాను తాళంచెవులు తీసి గడియారం అడుగున పెట్టాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు. షూటింగులో శబ్దం రికార్డు చేసేవాడు, చప్పుడు పడకుండా ఎవరింట్లో ఏది ఆపినా తాళాలు అందులోనే పెడతాడు. అవి లేకుండా వ్యాను కదలదు, అందుకని తిరిగి నడిపించడం మరచిపోడు.

"పడ్డావంటే ఎత్తడం నా వల్ల కాదు, ముసలాడా!" అంది డైరెక్టర్ నోర్మా.

"రేపట్నుంచి నువ్వే ఎక్కుదువుగాని." ఇవాళ్టితో అతని ఉద్యోగం ఆఖరు.

దేశంలోని కోటీశ్వరుల మీద టీవీ వాళ్ళు తీస్తున్న ఏడు భాగాల్లో ఇవాళ టొరంటోలో థార్న్‌లీ గారి వంతు. కలప, కాగితం మిల్లుల ఆసామి.

ఏడో అంకె పక్కన పెచ్చులూడిన ఆ గడియారపు పింగాణీ ముఖాన్ని వెండెల్ రాగానే గుర్తుపట్టాడు. తన ఊరి మిల్లు గేటు మీదది. అక్కడ పనిచేసే తండ్రి మంచులో దాన్ని చూస్తూనే పరుగెత్తేవాడు. రెండు నిమిషాలు ఆలస్యమైతే గేటు మూసేవారు, ఆ రోజు కూలి పోయేది. అయినా ఆ రోజులు తియ్యగానే గుర్తొచ్చాయి. తడి కలప వాసన, చొక్కా మడతల్లో రంపపు పొట్టు, తనకోసం డబ్బాలో మిగిల్చి తెచ్చిన బెల్లపు పాకం రొట్టె. రంపాల హోరుకి తండ్రి చెవులు పోయాయి. కొడుకు వినడమే బతుకుతెరువు చేసుకున్నాడు.

"మిల్లు మూసేనాడు కార్మికులే ప్రేమతో ఊడదీసి నా చేతికిచ్చారు," అన్నాడు థార్న్‌లీ, గడియారం చూపిస్తూ.

"సౌండ్?" అడిగింది నోర్మా.

ఆ ప్రశ్నకి జీవితమంతా వెండెల్ చెప్పింది ఒకటే మాట: బాగుంది. అది చెబితే ఈ అబద్ధం దేశమంతా వింటుంది.

"మాట శుభ్రంగా పడింది. మాటే అబద్ధం," అన్నాడు వెండెల్. "ఊడదీసింది మీ లారీవాళ్ళు సార్. మా నాన్న గేటు దగ్గర నిలబడి ఏడ్చాడు. నేను పక్కనే ఉన్నా."

"ఎవడయ్యా నువ్వు?"

"గది నిశ్శబ్దం ఒక్క నిమిషం పట్టాలి. ముక్కలు అతికేటప్పుడు మధ్యలో వెయ్యడానికి కావాలి. ఎవరూ మాట్లాడకండి," అంటూ వెండెల్ చెయ్యెత్తాడు. థార్న్‌లీ మళ్ళీ నోరు తెరిచాడు. "మీరు కూడా సార్."

అందరూ బిగుసుకుపోయారు. నిమిషం అయింది. వెండెల్ చెయ్యి దించలేదు. రెండో నిమిషమూ నిండాక దించాడు.

"ఆయనన్న ఆ ముక్క కోసేస్తాలే," అంది నోర్మా మెల్లగా. అతను తల ఊపి, టోపీ పెట్టుకుని, ట్రామెక్కి వెళ్ళిపోయాడు.

వీధిలో వ్యాను చుట్టూ మనుషులు తాళాల కోసం జేబులు తడుముకున్నారు. నోర్మా ఒకసారి పై కిటికీ వంక చూసి నవ్వింది. "రేపు తెచ్చుకుందాం. పదండి, నడవండి."

పైన, పది దాటి పన్నెండు నిమిషాల దగ్గర ఆగిన గడియారం. దాని అడుగున వ్యాను తాళంచెవులు.