లైను చివర ఎంటర్

గుంటూరు బ్రాడీపేటలో ఓ డీటీపీ సెంటరు. రహిమున్నీసా అందులో చేరి పదిహేను రోజులైంది. అంతకుముందు ఇరవై రెండేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పింది. కంప్యూటర్లొచ్చి అది మూతబడింది. నెల రోజులు పని చూసి ఉంచుకుంటానన్నాడు ఓనరు పిచ్చయ్య. ఇదీ పోతే నలభై ఎనిమిదో ఏట ఆమెకి ఇంకెవరిస్తారు ఉద్యోగం?

మిరప తెగుళ్ళ మీద చైతన్యకృష్ణ అనే కుర్రాడు రాసిన నూట అరవై పేజీల థీసిస్ ఆమే కొట్టింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు, నిజం చెప్పుకోవాలి. ఎడమ పక్క బైండింగుకి జాగా చాలదని గైడు వెనక్కి పంపాడు. మార్జిన్ జరపడం వరకే తెలిసిన పిచ్చయ్య దాన్ని జరిపాడో లేదో, పేజీలన్నీ గందరగోళమైపోయాయి. ఒక పొడుగు లైను, దాని కింద రెండు మాటల లైను, మళ్ళీ పొడుగు లైను. టైపు మిషను మీద లైను చివర గంట మోగగానే క్యారేజీ తోసే అలవాటు కదా, ఆమె ప్రతి లైను చివరా ఎంటర్ కొట్టింది. కంప్యూటరు లైనుని తనే తిప్పుకుంటుందని ఆ మనిషికి ఎవరైనా చెబితేగా!

పిచ్చయ్య అందరి ముందూ కడిగేశాడు. సాయంత్రానికల్లా సరిచెయ్యకపోతే రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. కూర్చుని ఒక్కొక్క ఎంటరే చెరపడం మొదలెట్టింది. మధ్యాహ్నానికి పంతొమ్మిది పేజీలయ్యాయి. అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు.

పక్క సిస్టమ్ మీద పనిచేసే శ్రీరమ్య చూడలేక లేచొచ్చింది. కనిపించని గుర్తుల్ని చూపించే బటన్ నొక్కింది. తెర నిండా ఎంటర్ గుర్తులే. పేరా అయిపోయిన చోట మాత్రం రెండేసి ఉన్నాయి.

"పేరా అయినప్పుడల్లా రెండు కొట్టారా ఆంటీ? అన్నిచోట్లా?"

"అన్నిచోట్లానే. పేరా తర్వాత లైను వదలకపోతే మా స్టూడెంట్లకి మార్కులు కోసేదాన్నమ్మా."

"అయితే బతికిపోయాం."

శ్రీరమ్య చెబుతుంటే రహిమున్నీసాయే చేసింది. ముందుగా జంట ఎంటర్లున్న చోటల్లా వాటి బదులు, పేరాకి గుర్తుగా మూడు నక్షత్రాలు పెట్టింది. మిగిలిన ఒంటి ఎంటర్లన్నీ తీసి ఒక్కో ఖాళీ పెట్టింది. ఆఖర్న నక్షత్రాలు తీసి పేరాలు విడగొట్టింది. అన్నిచోట్లా ఒకేసారి మార్చేసే రీప్లేస్ ఆల్ మూడుసార్లు కొట్టేసరికి పేజీలు బుద్ధిగా సర్దుకున్నాయి. చెదిరిన పట్టికల్ని చేత్తో సరిచేసుకున్నారు.

అయిదింటికి చైతన్యకృష్ణ ప్రింట్లు పట్టుకెళ్ళాడు. పిచ్చయ్య ఇంకో ఫైలు ఆమె బల్ల మీద పెట్టి, మొదలెట్టమనీ మిగతాది రేపు చూసుకోమనీ చెప్పాడు.

ఆమె మొదలెట్టింది. లైను చివరికి రాగానే చిటికెన వేలు ఎంటర్ మీదికి పోయింది. వెనక్కి లాక్కుంది. లైను దానంతటదే కిందికి దిగింది. ఉద్యోగం నిలబడినందుకు సంతోషించాలి కదా! ఇరవై రెండేళ్ళు తన చెయ్యి చేసిన పని ఎవరూ చెయ్యకుండానే జరిగిపోతుంటే ఆమెకి ఏడుపొచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, రెండో లైను కొట్టడం మొదలెట్టింది.